కడపలక వయసు

ఉప్పుదిబ్బల అంచు చేరగానే కేతిశెట్టి కంచరగాడిదను ఆపి, తన దగ్గర ఏమేమున్నాయో మరొకసారి చూసుకున్నాడు. బేరానికి దిగేముందు మూట తడుముకోవడం అతనికి మీసం మొలవకముందు నుంచీ ఉన్న అలవాటు.

తోలుతిత్తి నిండా మంచినీళ్ళు. బుడ్డెడు కొబ్బరినూనె. ముప్పై బారల పీచుతాడు. కర్ర కొన చెక్కి చూసే బాడిసె. నీలవేల మహారాణి తన వేలి నుంచి తీసి ఇచ్చిన ముద్రటుంగరం. మొండిదే గానీ నమ్మకమైన కంచరగాడిద. వీటన్నిటికంటే బరువైనవి రెండు మాటలు. ఒకటి రాజుకు ఇచ్చింది, రెండోది వెనక నిలబడ్డ మనిషికి ఇచ్చింది.

ఆ మనిషి తలకు పాగా చుట్టి, నడుముకు దట్టీ బిగించి, ముఖానికి మసి పూసుకుని, దానితోనే మీసాలు దిద్దుకుని మగవేషంలో ఉన్నది. పేరు సూరమ్మ. వయసు అరవై. నీలవేల రాజ్యంలో ఓడలు కట్టే వడ్రంగుల పెద్ద ముమ్మయ్యకు భార్య.

మూడేళ్ళ కిందట యువరాజు అరుణాంగదుడు ముప్పైతొమ్మిది మంది నావికులతో సముద్రయానానికి బయలుదేరాడు. దారిలో ఓడకు దెబ్బ తగిలితే బాగుచెయ్యడానికి ముమ్మయ్యను వెంట తీసుకువెళ్ళాడు. ఆ నలభై ఒక్కమందిలో ఒక్కడూ తిరిగి రాలేదు. ఐదు రోజుల కిందట అడవిలో ఒక యోగిని చెప్పేదాకా వాళ్ళేమయ్యారో ఎవరికీ తెలియదు. క్షారముఖుడనే మాంత్రికుడు వాళ్ళను పట్టి, మనిషికొక కర్రగా మార్చి, ఆ కర్రలతో తనకొక ఓడ కట్టుకున్నాడట. అతని విద్యకు ఒక నియమం ఉన్నదట. ఎదుటికి వచ్చి ఎవరు బేరం అడిగినా కాదనకూడదు. కాదన్ననాడు ఆ విద్య పోతుంది.

యువరాజును తెచ్చినవాడి సరుకుకు ఏడు తరాలపాటు రేవుసుంకం ఉండదని రాజు చాటించాడు. కేతిశెట్టి సరేనన్నాడు. ఊరు దాటకముందే సూరమ్మ ఎదురొచ్చి గాడిద కళ్ళెం పట్టుకుంది. ఓడలో ఏ కర్ర ఏదో ఆమె చెప్పాలి, ముమ్మయ్యను అతను తేవాలి. దానికీ కేతిశెట్టి సరేనన్నాడు. రెండుసార్లు సరే అన్నప్పుడు, మాంత్రికుడి దగ్గర ఎన్ని బేరాలు ఆడవచ్చో యోగినిని అడగలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, ఇక్కడి నుంచి నువ్వు సూరయ్యవి. నా దగ్గర కొలతలు చూసేవాడివి. గొంతు ఎత్తకు" అన్నాడు.

"నా గొంతుకేం శెట్టిగారూ! ఓడల దొడ్లో సుత్తుల మోత మీద అరిచి అరిచి ఎప్పుడో మగగొంతయింది. ముందు మీ వేళ్ళు వణక్కుండా చూసుకోండి."

కేతిశెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

దిబ్బ దిగి పది అడుగులు వేశారో లేదో, నేల మీది ఉప్పుపెళ్ళలు చిటపటమంటూ లేచాయి. లేచినవి కుక్కలయ్యాయి. తెల్లటి ఒళ్ళు, కళ్ళ స్థానంలో రెండు గుంటలు, మంచుగడ్డల వంటి కోరలు! ఒకటి కాదు, రెండు కాదు, పాతిక దాకా ఉన్నాయి. మొదటి కుక్క దూకి గాడిద తోక పట్టింది. గాడిద వెనకకాళ్ళతో ఒక్క తన్ను తన్ని, వచ్చిన దారినే నీలవేల వైపు పరుగు తీసింది. మూటలు తన భుజాన ఉండబట్టి సరిపోయిందనుకునేలోగా రెండో కుక్క కేతిశెట్టి పంచె అంచు పట్టుకుంది.

"ఉప్పే గదయ్యా! నీళ్ళు పొయ్యండి!" అని సూరమ్మ అరిచింది.

ఎండలో మంచినీళ్ళు ఒలకబొయ్యడానికి వర్తకుడి చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. ప్రాణం పోయాక దాహం వెయ్యదన్న లెక్క తట్టగానే తిత్తి మూతి విప్పి గిరగిరా తిప్పాడు. చినుకు పడ్డచోటల్లా కుక్కకు చెవి కరిగింది, మూతి కరిగింది, కాలు కరిగింది. మిగిలినవి తోకలు ముడిచి మళ్ళీ నేలలో కలిసిపోయాయి.

తిత్తిలో సగం మిగిలింది. గాడిద పోయింది. పంచె చిరిగింది. కేతిశెట్టి ఆ మూడూ మనసులో రాసుకుని ముందుకు నడిచాడు.

దిబ్బల అవతల ఒక మడుగు. సముద్రం నుంచి పాయగా చీలి వచ్చిన ఆ నీళ్ళు నెమలి కంఠంలా మెరుస్తున్నాయి. ఒడ్డున పగడపు పొదలు ఎర్రగా పూచి ఉన్నాయి. నీళ్ళ నడుమ ఆ నల్లటి ఓడ. దానికి ఒక్క ఇనుపచీల లేదు. చేపతోళ్ళు కుట్టిన తెరచాప గాలి లేకుండానే ఉబ్బి ఉంది. ఓడ ముక్కు మీద శంఖాల దండలు, అంచుల వెంట ముత్యపుచిప్పల వరసలు. ఎంత అందమో అంత దిగులు ఆ ఓడలో. దగ్గరకు వెళ్ళి చూస్తే దాని పక్కలు నెమ్మదిగా పొంగుతూ, అణుగుతూ ఉన్నాయి. నిద్రపోయే మనిషి డొక్కలాగా.

సూరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓడ అంచు మీద క్షారముఖుడు ప్రత్యక్షమయ్యాడు. ఎండిన ఉప్పుమడిలా అతని ముఖమంతా తెల్లగా పగిలి ఉంది. కనుబొమలు పగడపు కొమ్మలు. చేతిలో తిమింగలపు దంతంతో చేసిన కర్ర.

"ఎవడ్రా అక్కడ?"

"కర్రల వర్తకుణ్ణి స్వామీ, కేతిశెట్టి అంటారు. ఇతను నా కొలతల మనిషి సూరయ్య. తమ ఓడలో ఒక కర్ర కావాలి. బేరం అడుగుతున్నాను."

మాంత్రికుడు నవ్వాడు. ముఖం నుంచి నాలుగు ఉప్పుపెళ్ళలు రాలాయి. "ఎవరి కోసం వచ్చావో నాకు తెలియదనుకున్నావా? సరే, ఆడు. ఒకే కర్ర, ఒకే మాట. కర్ర మీద చెయ్యి పెట్టి, అది ఎవరో పేరు చెప్పు. నిజమైతే వాడిని తీసుకుపో. తప్పితే మీ ఇద్దరూ నావాళ్ళు. ఈ ఓడకు ఇంకా రెండు కర్రలు తక్కువున్నాయి. నువ్వు బాగా బలిశావు, చుక్కానికి సరిపోతావు. ఈ ఎండు ముసలాడు చుక్కాని పిడికి."

"గడువు?"

"తెరచాప కొయ్య నీడ కొయ్య మొదట్లోకి ముడుచుకునేదాకా."

"మంచిది. ఇక ఓడను ఒడ్డెక్కించండి స్వామీ."

"ఎందుకు?"

"ఎద్దును కొనేవాడు గిట్టలు చూడడా? అడుగు చూపించకుండా కర్ర అమ్మే వర్తకుణ్ణి నేను ఏ రేవులోనూ చూడలేదు. చూపించకపోతే బేరం మీరే కాదన్నట్టు."

క్షారముఖుడి పగడపు కనుబొమలు ముడిపడ్డాయి. నియమం నియమమే. దంతపు కర్రతో నీళ్ళను కొట్టాడు. మడుగు నీళ్ళు ఒక్కసారిగా సముద్రంలోకి పాటు తీసి, ఓడ ఇసుక మీద కూర్చుంది. "పోటు మధ్యాహ్నానికి వస్తుంది. నీ తొందర నీది" అని, అతను తెరచాప కొయ్యకు చేరగిలబడి, దాన్ని ఒక చేత్తో కావలించుకుని కూర్చున్నాడు.

కేతిశెట్టి జీవితమంతా అడవి నుంచి కర్ర తోలినవాడు. పొడవు ఇంత, చుట్టుకొలత ఇంత, చేవ ఇంత అని చూసి అమ్మడమే తప్ప, ఓడలోకి వెళ్ళాక ఆ కర్రకు ఏ పేరో అతనికి తెలియదు. ఓడ వడ్రంగులు ఆ పేర్లు వర్తకుల చెవిన పడనివ్వరు. సూరమ్మ ఇప్పుడు గొంతు తగ్గించి ఒక్కొక్కటీ చెప్పింది. అడుగున బారుగా పడుకున్నది వెన్నుదూలం. ముందు నిలబడ్డది నుదురుకర్ర, వెనక నిలబడ్డది మడమకర్ర. వెన్ను మీది నుంచి రెండు పక్కలకూ లేచినవి పక్కటెముకలు, పన్నెండు. పైన రెండు పక్కలనూ కలిపి పట్టే అడ్డదూలాలు నాలుగు. దూలానికీ పక్కకూ మూలలో ఆనించిన వంకర కర్రలు మోకాళ్ళు, ఆరు. పైన కప్పిన పలకలు పక్కకు ఎనిమిది చొప్పున పదహారు.

"ఆగాగు. మోకాళ్ళంటే ఈ వంకరవేనా?" అన్నాడు కేతిశెట్టి. "కొమ్మ మానులో నుంచి చీలేచోట నరికినవి?"

"అవే. వంకర దానంతట అదే పెరిగి ఉండాలి. తిన్నటి కర్రను చెక్కి వంచితే మొదటి అలకే విరుగుద్ది. ఓడలో వెల కట్టలేనివంటే అవే."

"నీ ఇల్లు బంగారంగానూ! ఇన్నేళ్ళూ వంకర కర్రలని వంటచెరకు ధరకు మీ ఆయనకు తోలాను గదమ్మా!"

"అందుకేగా మీకు పేరు చెప్పంది" అంది సూరమ్మ. మసి కింద ఆమె ముఖం ఆ రోజు మొదటిసారి నవ్వింది.

కేతిశెట్టి బాడిసె తీసి నుదురుకర్ర కొనకు ఆనించాడు. కొన చెక్కితే వలయాలు కనిపిస్తాయి, చెట్టు ఏడాదికొకటి వేసుకుంటుంది. సూరమ్మ చప్పున అతని మణికట్టు పట్టుకుంది. "మనుషులయ్యా!" అంది.

అతను సిగ్గుపడి బాడిసెను మొలలో దోపుకున్నాడు. తన పాగా కొన చించి, కొబ్బరినూనెలో తడిపి, కర్ర కొన మీద పేరుకున్న ఉప్పును మెల్లగా తుడిచాడు. పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచాడు. నూనె పీల్చుకుని కొన నిగనిగలాడింది. వలయాలు తేలాయి. లెక్కపెడితే ముప్పైనాలుగు.

"సూరయ్యా, ఇంత మందం మాను పెరగడానికి నూటయాభై ఏళ్ళు పడుతుంది. ముప్పైనాలుగు వలయాలంటే ఇది చెట్టు వయసు కాదు. మనిషి వయసు!"

సూరమ్మ తన చేతిలోకి ఒక గుడ్డపేలిక తీసుకుంది.

నలభై ఒక్క కొనలు. దూలాల కొనలు ఓడ పక్కల నుంచి బయటికి పొడుచుకుని ఉన్నాయి. పలకల కొనలు నుదురుకర్ర దగ్గర, ఎముకల కొనలు అంచు దగ్గర దొరికాయి. ఆమె తుడవడం, అతను లెక్కపెట్టడం. కింద పాకి, పైకెక్కి, మళ్ళీ కింద పాకి. ఎండ వీపు మీద మండుతోంది. నీడ మూరెడయింది, జానెడయింది. పైనుంచి మాంత్రికుడు గవ్వలు విసురుతూ వేళాకోళం చేస్తున్నాడు.

"ఏమోయ్ శెట్టీ, చుక్కాని పని అలవాటు చేసుకుంటున్నావా? పొట్ట మీద పాకుతున్నావు!"

"అలవాటే స్వామీ, సుంకం అధికారుల ముందు రోజూ పాకేదే" అని కేతిశెట్టి లెక్క తప్పకుండా బదులిచ్చాడు.

యువరాజుకు ఇరవై రెండేళ్ళని మహారాణి చెప్పింది. ఇరవై రెండు వలయాలున్న కర్ర ఒకటే దొరికింది, కుడివైపు నాలుగో పక్కటెముక. ముమ్మయ్యకు అరవై ఒకటని సూరమ్మ చెప్పింది. అరవై ఒక్క వలయాలున్నది కూడా ఒకటే, వెనకవైపు అడ్డదూలం. రెండూ దొరికాయి. బేరం మాత్రం ఒక్కటే!

కేతిశెట్టి ఇసుకలో కూలబడ్డాడు. ఒక చెవిలో రాజుకిచ్చిన మాట, ఇంకొక చెవిలో ఈమెకిచ్చిన మాట.

సూరమ్మ అతని పక్కన కూర్చుంది. కాసేపు ఆ అడ్డదూలాన్నే చూసింది. "రాజుగారి బిడ్డనే తీసుకోండి శెట్టిగారూ. ఆ తల్లికి ఒక్కడే. నాకు ఆయన ఎక్కడున్నాడో ఇయ్యాలటికైనా తెలిసింది. మూడేళ్ళు ఆగినదాన్ని, ఇంకా ఆగుతాను."

"తప్పితే మన ప్రాణాలు కూడా పోతాయి. లెక్క సరిచూడనీ. మీ ఆయనకు అరవై ఒకటని నీకు రూఢిగా తెలుసా?"

"తెలియకేం? పెళ్ళయిన కొత్తలో మా అత్త నాకొక కుండ ఇచ్చింది. అందులో ఆయన ఏళ్ళకు సరిపడా గులకరాళ్ళున్నాయి. అప్పటి నుంచి ఏటా ఆయన పుట్టినరోజుకు నేనొకటి వేస్తా. బయలుదేరేముందు కూడా ఎంచాను. అరవై ఒకటి."

పైనుంచి క్షారముఖుడికి మాటలు వినబడలేదు గానీ, ఇద్దరి ముఖాలు చూసి ఉషారెక్కింది. "ఏడుస్తున్నారా? ఎందుకు? నా దగ్గర మీకు లోటేమిటి? ఈ నలభై ఒక్కరినీ చూడండి. ఆకలి లేదు, జబ్బు లేదు. నా చేతికి చిక్కిన నాటి నుంచి ఒక్కడికైనా ఒక్కరోజు వయసు పెరిగిందా? ఏ రాజు చెయ్యగలడు ఇంత మేలు!"

తప్పని లెక్క ఈ రాళ్ళ లెక్కేనని అడ్డదూలం మీదికి అప్పటికే సగం చాచిన కేతిశెట్టి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

తన దొడ్లో పదేళ్ళుగా పడి ఉన్న టేకుదుంగలు కళ్ళముందు కదిలాయి. పదేళ్ళు పడి ఉన్నా ఒక్క వలయం ఎక్కువయ్యేది కాదు. నరికిన కర్రకు ఏడు పెరగదు.

"సూరమ్మా!" అన్నాడు గుసగుసగా. "కుండలో ఆయన వెళ్ళాక వేసిన రాళ్ళెన్ని?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. "మూడు" అంది. అనగానే అర్థమైంది. మసి మీద రెండు చారలు పడ్డాయి. "ఆయన లేడని వెయ్యకుండా ఉండలేకపోయాను. నా చేతులారా మిమ్మల్ని తప్పు కర్ర దగ్గరికి తోలేదాన్ని!"

"నువ్వు కాదు, ఆ తల్లి కూడా అదే లెక్క చెప్పింది. ఎదురుచూసే ఇళ్ళలో వయసు ఆగుతుందా? ఇప్పుడు చెప్పు, యాభై ఎనిమిది ఎక్కడుంది?"

"ఎడమవైపు ఐదో పలక." 

"యువరాజు పంతొమ్మిది."

ఇద్దరూ ఒకేసారి కిందికి చూశారు. పంతొమ్మిది వలయాలున్నది వెన్నుదూలం. మూడేళ్ళుగా ఓడంతటి బరువూ ఆ పిల్లవాడి వీపు మీదే ఉంది.

"దాన్ని లాగితే?" అన్నాడు కేతిశెట్టి.

"వెన్ను లాగితే ఇంకేముంది? పైనున్నవన్నీ పిండిపిండి. నలభై ప్రాణాలూ పోతాయి." సూరమ్మ లేచి ఓడ ఎడమపక్కకు వెళ్ళింది. ఐదో పలక అంచుల వెంట వేలు పోనిచ్చింది. సందుల్లో దూర్చిన పీచు మిగతా పలకల దగ్గర ఒక వరస ఉంటే, ఇక్కడ రెండు వరసలున్నది. ఆమె వేలు అక్కడే ఆగింది. "శెట్టిగారూ, ఇది కడపలక!"

"అంటే?"

"పలకలు కింది నుంచి కొన్ని, పై నుంచి కొన్ని వేసుకుంటూ వస్తారు. నడుమ ఒక్క సందు మిగులుద్ది. అందులో ఆఖరున దిగ్గొట్టేది కడపలక. ఓడ బిగువంతా దానిదే. ఓడ విప్పాలన్నా మావాళ్ళు దానితోనే మొదలెడతారు. అది వస్తే పక్కది వస్తుంది, అది వస్తే ఇంకోటి. ఒక్కటీ విరగదు."

కేతిశెట్టి బుర్రలో లెక్క చకచకా కూడింది. మాంత్రికుడికి మంత్రాలు వచ్చుగానీ వడ్రంగం రాదు. ఏ కర్ర ఎక్కడో చెప్పేవాడు ఒకడు కావాలి. ఓడ పూర్తయ్యేదాకా ఆ ఒక్కణ్ణి మనిషిగానే ఉంచాలి. అందరూ అయ్యాక, మిగిలిన ఆఖరి సందుకు ఆ ఆఖరి మనిషి! యాభై ఎనిమిదీ, కడపలకా రెండూ ఒకే పేరు చెబుతున్నాయి.

నీడ కొయ్య మొదటికి బెత్తెడు దూరంలో ఉంది.

"స్వామీ!" అని కేతిశెట్టి కేకపెట్టి, పలక మీద రెండు అరచేతులూ ఆనించాడు. "ఇది నీలవేల వడ్రంగుల పెద్ద ముమ్మయ్య!"

క్షారముఖుడి నవ్వు సగంలో తెగింది.

ఓడ ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. పలక పీచు సందుల్లోంచి జారి బయటికి వచ్చి, ఇసుక మీద పడేలోగా ముసలి మనిషయింది. తల నెరిసింది, భుజాలు ఎద్దు మూపురాల్లా ఉన్నాయి. ముమ్మయ్య లేచి కూర్చుని, దగ్గి, నోట్లోంచి గుప్పెడు పీచు ఉమ్మేశాడు. ఎదురుగా ఉన్న పాగా మనిషిని చూశాడు.

"ఏమే, ఆ మీసాలేంటే?" అన్నాడు.

"మసి! మాటలు తర్వాత, ముందు వీళ్ళను విప్పు!"

"దొంగలు!" అని పైనుంచి మాంత్రికుడు పెడబొబ్బ పెట్టాడు. "ఒక్క కర్రే నీది!"

"ఒక్కటే తీసుకున్నాను స్వామీ" అన్నాడు కేతిశెట్టి. "మిగతావి వాటంతట అవి వదులైతే నాదా తప్పు? ఓడకట్టు మీరు చూసుకోవద్దూ?"

దంతపు కర్ర నీళ్ళ వైపు తిరిగింది. మధ్యాహ్నం రావలసిన పోటు అప్పుడే వచ్చింది. మడుగు నోటి దగ్గర అల తాటిచెట్టంత లేచింది. ముమ్మయ్య కేతిశెట్టి మొలలోని బాడిసె లాక్కుని, దాని వీపుతో ఆరో పలకను ఠంగుమని కొట్టాడు. పలక ఊడింది, నావికుడు దొర్లాడు. నాలుగోది, ఏడోది. కట్టిన వరసకు సరిగ్గా తలకిందుల వరస, అది ప్రపంచంలో అతనొక్కడికే తెలుసు. పలకలయ్యాయి, మోకాళ్ళ పని పట్టాడు. మోకాలికి ఒక దెబ్బ. నీళ్ళు చీలమండ దాటాయి. లేచినవాడు లేచినట్టే పక్కవాడిని లాగుతున్నాడు. అడ్డదూలాలు! నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. కేతిశెట్టి తాడు విప్పి ఒక కొన ఒడ్డున పగడపుపొదకు కట్టి, రెండో కొన నడుముకు చుట్టుకుని నిలబడ్డాడు. సూరమ్మ ఆ తాడు పట్టించి ఒక్కొక్కరినే ఒడ్డుకు తోలుతోంది. పక్కటెముకలు! నీళ్ళు నడుము దాకా. నుదురు, మడమ! రొమ్ము దాకా.

ఆఖరుకు వెన్నుదూలం. అప్పటికే అది నీటి అడుగున ఉంది. ముమ్మయ్య ఊపిరి బిగపట్టి మునిగాడు. ఒకటి, రెండు, మూడు. తాడు పట్టుకున్న ముప్పైతొమ్మిది మందీ గుడ్లప్పగించి చూస్తున్నారు. సూరమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏళ్ళు లెక్కపెట్టినట్టు అంకెలు లెక్కపెడుతోంది. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.

రెండు తలలు పైకి లేచాయి.

అందరూ కలిసి లాగారు. యువరాజు అరుణాంగదుడు ఇసుక మీద బోర్లా పడి, చాలాసేపటికి అన్నాడు: "ముమ్మయ్యా, నా వీపు!"

"బాగా మోశావు బాబూ" అని ముసలాయన ఆ వీపు నిమిరాడు. "ఒక్కరోజు కూడా ఓడ నడుం వంగలేదు. నేను కట్టినవాటిలో ఇంత గట్టి వెన్ను చూడలేదు."

క్షారముఖుడు తెరచాప కొయ్యను రెండు చేతులా పట్టుకుని చివరిదాకా పీకాలని చూశాడు. అది తడిసిన తెరచాప కింద ఒరిగిపోయి కదలలేదు. నలభై ఒక్కమంది తన వైపు తిరగడం చూసి, నల్లటి నీటికాకిగా మారి, అరుచుకుంటూ సముద్రం మీదికి ఎగిరిపోయాడు. అతను పోవడంతోనే పోటు వెనక్కి తీసింది.

కేతిశెట్టి తిత్తిలో మిగిలిన సగం నీళ్ళూ అందరికీ గుక్కెడు చొప్పున పంచాడు. ముమ్మయ్య తన వంతు తాగి భార్యను ఎగాదిగా చూశాడు.

"మూడేళ్ళంటున్నారు. నాకు యాభై ఎనిమిదే. నాకంటే ఏడాది చిన్నదానివి, ఇప్పుడు రెండేళ్ళు పెద్దదానివయ్యావు. నిన్నిక అక్కా అనాలేమో!"

"అను, అను. ఇంటికెళ్ళాక కుండలో మూడు రాళ్ళు తీసేస్తాలే" అని సూరమ్మ పాగా విప్పి అతని తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆపలేకపోయింది.

కేతిశెట్టి అటు చూడకుండా మడుగులోకి నడిచాడు. ఓడలో మిగిలింది ఆ తెరచాప కొయ్య ఒక్కటే. అలవాటు కొద్దీ నూనెగుడ్డతో దాని మొదలు తుడిచాడు. వలయాలు లెక్కకు అందలేదు, మూడువందల పైచిలుకు. అన్నిటికంటే బయటి వలయం మాత్రం తడిగా, లేతగా, వేలితో నొక్కితే చెమ్మ ఊరింది. అది ఈ ఏడాదిది.

"ముమ్మయ్యా, ఈ కొయ్య ఎవరు?"

"మావాడు కాదయ్యా. మేం రాకముందే వాడి దగ్గరున్నది. నిద్రలో కూడా దాని మీంచి చెయ్యి తీసేవాడు కాదు."

నరికిన కర్రకు ఏడు పెరగదు. ఇది పెరుగుతోంది. అంటే దీనిలో బతికి ఉన్న ఒక ప్రాణం దాచి ఉంది. అది ఎవరిదో, విడిచిపోలేక ఈ కొయ్యను పీకబోయిన మాంత్రికుడి చేతులే చెప్పాయి. దూరంగా నీటికాకి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఒక్కటే వెళ్ళింది, ఇప్పుడు దాని వెనక మరో వంద కనిపిస్తున్నాయి.

"అందరూ తాడు పట్టండి! ఈ కొయ్య మనతో వస్తుంది" అని కేతిశెట్టి కేకపెట్టాడు. ముద్రటుంగరం యువరాజు చేతిలో పెట్టి, తాడు భుజాన వేసుకుంటూ, అలవాటు ప్రకారం లెక్క చూసుకున్నాడు.

పోయినవి: తిత్తెడు నీళ్ళు, బుడ్డెడు నూనె, ఒక పంచె, ఒక గాడిద, అది దారి తెలిసినది, ఈపాటికి ఇంటి గుమ్మంలో ఉండి ఉంటుంది. ఇచ్చిన మాటలు రెండు, రెండూ చెల్లాయి. వచ్చినవి: నలభై ఒక్కమంది మనుషులు, వాళ్ళ వాళ్ళ వయసులతో సహా. ఇకమీదట వంటచెరకు ధరకు అమ్మకూడని వంకర కర్రల పేరు. ఇవి కాక, ముప్పై బారల తాడు చివర ఈడ్చుకుంటూ వస్తున్న ఒక మాంత్రికుడి ప్రాణం.